వెల్డింగ్ క్లాసులో ముప్పై రెండు మంది సెక్రటరీలు

కుస్మియాతి టీచర్‌కి ఇండోనేషియా భాషా పాఠ్యపుస్తకం పేరెత్తితే ఒళ్ళుమంట. తెగాల్ ఊళ్ళోని వృత్తివిద్యా బడిలో వెల్డింగ్ పిల్లలకు పంతొమ్మిదేళ్ళుగా అదే చెబుతోంది మరి. ఆ పుస్తకం రాసిన మహానుభావులు వెల్డింగ్ షెడ్డు మొహం ఎన్నడూ చూసి ఉండరు. పని చేసే పద్ధతి వివరించమంటే అరటిపండు బజ్జీలు వేయడం. ఉద్యోగానికి దరఖాస్తు రాయమంటే సెక్రటరీ ఉద్యోగం. ఏం ఖర్మో! అయినా తనిఖీకి వచ్చేవాళ్ళు పుస్తకంలో ఉన్నట్టే ఉందా అని చూస్తారు. అందుకని ఆమె కూడా తేదీ, చిరునామా, సంతకం ఉండాల్సిన చోట ఉన్నాయా అని చూసి టిక్కు పెట్టేసేది.

ఆ గురువారం పడవల యార్డు మేనేజరు సుబేఖీ స్టాఫ్‌రూముకి వచ్చి పిల్లల దరఖాస్తుల కట్ట బల్ల మీద పడేశాడు. ఏటా ఆ బడి నుంచి ఇద్దరిని పనిలోకి తీసుకునేది ఆయనొక్కడే. మిగతా యార్డులు ఈ పిల్లల్ని గడప తొక్కనివ్వవు. దరఖాస్తు రూళ్ళ కాగితం మీద చేత్తోనే రాయాలి. రాతలో మనిషి కనబడతాడని ఆయన నమ్మకం.

"మేడం గారూ, నేను వెల్డర్లు కావాలన్నాను. మీరేమో ముప్పై రెండు మంది సెక్రటరీల్ని పంపారు."

ఆమె పైకాగితం తీసింది. టైపింగు వచ్చునట, ఫోనులో మర్యాదగా మాట్లాడగలడట. రెండోదీ అంతే. మూడోవాడు పుస్తకంలోని అమ్మాయి పేరు కూడా దింపేశాడు.

"కనీసం పేరైనా మార్చరేంట్రా, గాడిదల్లారా," అని ఎదుట లేని పిల్లల్ని తిట్టింది.

"వాళ్ళని తిట్టి ఏం లాభం? అన్నిటి మీదా మీ టిక్కే ఉంది. ఏమీ అనుకోకండి, ఈసారికి పక్కూరి బడికి పోతాను."

అప్పుడు ఆమెకు తర్సోనో గుర్తొచ్చాడు. పోయిన నెల క్లాసు మొత్తంలో వాడొక్కడే పుస్తకం మూసేసి సొంతంగా రాశాడు. ఎర్రసిరాతో సున్నా చుట్టి, అతితెలివి వద్దని మళ్ళీ రాయించింది. ఆ పాత కాగితం సొరుగులో వెతికి సుబేఖీ చేతికిచ్చింది.

'మా నాన్న పడవ డీజిల్ ట్యాంకు రెండుచోట్ల కారేది. నేనే వెల్డింగ్ చేశాను. రెండు వానాకాలాలు గడిచాయి, చుక్క కారలేదు. కావాలంటే వచ్చి చూసుకోండి.'

సుబేఖీ రెండుసార్లు చదివాడు.

"వీణ్ణి సోమవారం పంపండి. ఇంతకీ ఈ సున్నా వేసిందెవరు?"

"నేనే," అంది కుస్మియాతి. "పంతొమ్మిదేళ్ళుగా వేస్తూనే ఉన్నాను."