దేవుడి కుండ

మొన్న ఆదివారం తెనాలిలో గుడికి, అదే చర్చికి, బయలుదేరుతుంటే, మా మనవడి భార్య, తన కానుక ఫోనులోనే పంపేశానని చెప్పి, నా చేతిసంచిలో బియ్యం చూసి ముసిముసిగా నవ్వింది. నవ్వితే నవ్వనీ, నాకేం చిన్నతనం లేదు. ఎసట్లో పోసే బియ్యంలోంచి దేవుడికి పిడికెడు తియ్యకుండా నేను వండిన రోజు లేదు. మా ఈడు ఆడవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

బాపట్లలో మూడో తరగతితో నా చదువు ఆగింది. మిగతాదంతా రేపల్లె పక్క పల్లెలో, మా అత్తగారి వంటింట్లో చదువుకున్నాను. పూటకి కొలిచిన బియ్యంలోంచే పిడికెడు తియ్యాలి గానీ బస్తాలోంచి తీస్తే చెల్లదనీ, మన నోటి దగ్గరది తగ్గితేనే అది కానుకనీ ఆవిడ నేర్పారు. అట్లా తీసినవి ఒక కుండలో పోసి, నిండాక గుడికి పట్టుకెళ్తే, అవి పాస్టరు అయ్యగారింటికీ దిక్కులేనివాళ్లకీ చేరేవి. నేను గింజ జారితే ఏరుకునే మనిషిని, అయినా ఆ పిడికెడు దగ్గర మాత్రం చెయ్యి ముడుచుకోలేదు.

అరవైల చివర్లో ఒక ఏడు, మా పెద్దమ్మాయి అప్పుడప్పుడే అన్నానికి అలవాటు పడుతుండగా, ముసురు పట్టుకుంది. కాలువ తెగి చేలు మునిగాయి, కూలి పనులు ఆగాయి, కొనుక్కొద్దామంటే చెరుకుపల్లి దారి నీళ్లలో ఉంది. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. దేవుడి కుండ మాత్రం మెడ దాకా ఉంది. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, ఊరికే నోరు తెరుస్తోంది.

“దేవుడు తినడు గానీ పిల్ల తింటది, వండవే,” అన్నారు మా ఆయన.

మా అత్తగారు కుండకి అడ్డంగా పీట వేసుక్కూర్చున్నారు. “ఇచ్చింది మళ్లీ ఎట్టా తీసుకుంటాంరా? ముట్టుకో, చెయ్యి విరగ్గొడతా!”

నేను మాత్రం, దేవుడిది దేవుడింటికే చేర్చి పిల్లకి గంజి అక్కడే అడుగుతానన్నాను. గుడికి అన్నాక ఆవిడ లేవక తప్పలేదు. కుండ నెత్తిన పెట్టుకుని, పిల్లని చంకనేసుకుని, మోకాలి లోతు నీళ్లలోకి దిగాను.

“బియ్యం ఇచ్చి గంజి అడుక్కుంటావంటే? నీ తెలివి తెల్లారినట్టే ఉంది!” అంటూనే మా ఆయన వెనకే వచ్చారు, ఆయన వెనక అత్తగారు.

గుడి మెరక మీద ఉండేది. వెళ్లేసరికి అరుగు మీద నాలాగే కుండలు తెచ్చిన ఆడవాళ్లు కొందరు తడిసి ముద్దై కూర్చున్నారు. అయ్యగారి భార్యని మేమంతా అమ్మగారనేవాళ్లం. ఆవిడ ఎవరినీ ఏమీ అడగకుండా కుండలన్నీ ఒకే గుండిగలో గుమ్మరించి, ప్రార్థన చేసి, పొయ్యి రాజేయించారు. దంపుడువీ, నూకలూ, ముక్కినవీ కలిసి ఉడికిన ఆ అన్నం మా అమ్మాయి రెండు చేతులతోనూ తింది. మా ఆయన కూడా వచ్చి వరసలో కూర్చున్నారు.

ఆ వరసలోనే, గుడికి ఏనాడూ గింజ తేని మా పక్కింటావిడ వచ్చి అరిటాకు పరుచుకుంది. నాకు ఒళ్లు మండి అత్తగారి చెవిలో ఆ మాటే అన్నాను.

“వంతు చూసి పెడితే కూలి అయిద్దే, కృప ఎట్టా అయిద్ది? ఇటు జరిగి చోటియ్యి,” అన్నారావిడ. జరిగాను.

కృప కోసం వెతకమని ఇప్పుడు మైకుల్లో చాలా చెబుతున్నారు. నాకు మాత్రం అది ఆ ఆకుల వరసలో దొరికింది, మళ్లీ వెతుక్కునే పని పడలేదు. స్తోత్రం, ఇప్పుడు మా ఇంట్లో బియ్యానికి కొదవ లేదు. ఫోనులో పంపినదీ దేవుడికి చేరుతుంది, నేను కాదనను. కాకపోతే ఎవరి కుక్కరు వాళ్లింట్లో కూస్తోంది. జరిగి చోటిద్దామన్నా, పక్కన ఆకు పరుచుకునేవాళ్లేరీ?