నాలుగు రోజులు నా సొరుగులో ఉన్న కవరు

మన నర్సమ్మగారు పోయేరండి. మంగళవారం మధ్యాహ్నం, అమలాపురం ఆసుపత్రిలో. కొంతమందికి ఫోన్ చేసి చెప్పేను, మిగిలినవాళ్ళ కోసం ఇలా రాస్తున్నాను. షాపు తీసే ఉంది. పొద్దున్నించి ఆధార్ కార్డులు జిరాక్సులు తీస్తానే ఉన్నాను. ఏడుపు రావట్లేదండి, ఏంటో.

రాజోల్లో మా వీధిలో ఆవిడ చేత సూది వేయించుకోనివాళ్ళు లేరు. గవర్నమెంటు ఆసుపత్రిలో రిటైరయ్యేక కూడా జొరం వస్తే ఆవిడ గుమ్మం ముందే నిలబడేవాళ్ళం. "నిన్న మీ ఇంట్లో ఏం కూరమ్మా?" అనడిగేవారు. బెండకాయో చేపల పులుసో మనం గుర్తు తెచ్చుకునేలోపు సూది అయిపోయేది. మా షాపుకొచ్చినా ఊరికే కూర్చునేవారు కాదు. కబుర్లు చెప్తూనే పక్కనున్నోళ్ళ చెయ్యి పట్టుకుని నాడి చూసేసేవారు. "ఇలా పరిగెడుతోందేంటి, ఎక్కడన్నా చూపించుకున్నావా?" అని కోప్పడేవారు.

ఆవిడకి ఊపిరితిత్తుల్లో క్యాన్సరు. ఇంక మందులు పనిచేయవని తేలేక ఒకరోజు వచ్చి, "అబ్బాయ్, ఓ కాయితం టైపు చెయ్యాలి" అన్నారు. ఆవిడ చెప్తుంటే కొడుతున్నాను. "బతికే ఆశ లేదని డాక్టర్లు తేల్చేక నన్ను ఊపిరి మిషను మీద ఉంచొద్దు, గొంతులో గొట్టం వెయ్యొద్దు, నొప్పి తెలీకుండా మాత్రం చూడండి." నా చేతులాగిపోయేయి.

"ఇలాంటివి నేను కొట్టనండి."

"గట్టు తగాదాల నుంచి విడాకుల దాకా అన్నీ కొట్టేవుగా, దీనికేమొచ్చింది? ఊఁ, కానియ్."

అప్పుడే పాస్టరుగారు జిరాక్సుకొచ్చి, విషయం విని, "ఊపిరి ఇచ్చినాయనే తీసుకోవాలి గదమ్మా" అన్నారు.

"ఆయ్, నేననేదీ అదేనండి. ఆయన తీసుకుంటానంటుంటే మధ్యలో మనం మిషను పెట్టి లాగొద్దంటున్నాను."

మర్నాడు నోటరీ దగ్గర ఒక సాక్షి సంతకం పెట్టింది ఆ పాస్టరుగారే.

నేను ఊరుకోక, "ఇంత గోలెందుకండీ, ఒక్క ఇంజక్షనుతో పంపేసే చట్టం కొన్ని దేశాల్లో ఉందంట" అన్నాను. ఆవిడ నవ్వలేదు. "ఆ సూది ఎవరు పొడవాలి? నేనైతే పొడవలేను. కానీ నొప్పితో అరిచే మనిషి పక్కన కూర్చుని, అది తప్పని కూడా అనలేను" అన్నారు.

ఆ కాయితం వాళ్ళమ్మాయి చేత్తో ముట్టుకోనంది. అందుకని కవర్లో పెట్టి నాకిచ్చేరు. "అది ఏడుస్తుంది. నువ్వైతే టైముకి తీసుకెళ్ళి ఇస్తావు."

ఇవ్వలేదండి. ఆయాసం ఎక్కువై స్పృహ తప్పితే ఆసుపత్రిలో చేర్చేరు, గొట్టం వేసేరు. ఇంక లేవరని డాక్టర్లు చెప్పేసేరని అమ్మాయి ఫోన్ చేసింది. కవరు సొరుగులోనే ఉంది. నా చేత్తో ఇస్తే నేనే పంపేసినట్టు అవుతుందేమోనని భయం. అలా నాలుగు రోజులు. అయిదో రోజు బస్సెక్కి వెళ్ళి ఇచ్చేను. తిడుతుందనుకున్నాను.

"నీ దగ్గరుందని నాకు తెలుసన్నయ్యా. నేనూ అడగలేదు" అంది.

డాక్టర్లు చూసి, ఇంకో కమిటీ డాక్టర్లు కూడా చూసి ఒప్పుకునేసరికి మరో రెండు రోజులు పట్టింది. ఇది తప్పా ఒప్పా అని టీవీల్లో వాదించుకుంటారు, నాకంత తెలీదండి. ఆవిడ వద్దన్నదాన్ని నాలుగు రోజులు ఎక్కువ భరించేరు, నావల్ల. అది తెలుసు. ఇలాంటి కాయితం కోసం ఇప్పుడు ఎవరొచ్చినా కాదనను. కూర్చోబెట్టి టైపు కొట్టి ఇస్తాను.

గొట్టం తీసేక ఆవిడంతట ఆవిడే గంటపైన ఊపిరి తీసుకున్నారు. బుగ్గల మీద గొట్టం కదలకుండా అంటించిన ప్లాస్టరు జిగురు నల్లగా అట్టకట్టి ఉంది. అమ్మాయి దూదికి కొబ్బరినూనె రాసి మెల్లగా తుడుస్తోంది. ఒక బుగ్గ అయింది. రెండోది తుడుస్తుండగా ఊపిరి ఆగింది. అమ్మాయి ఒక్కసారి చూసి, మిగిలిన జిగురు కూడా తుడిచింది.