ఎల్లప్పకు పెట్టిన రొట్టె

ధారూరు దాటాక బస్సు కుదుపుకు సంతోషమ్మ ఒళ్ళోని తాండూరు చర్చి ఆఫీసు కవరు జారి, పక్కసీటు పెద్దాయన కాళ్ళ దగ్గర పడింది. ఆయన తీసి ఇస్తే అందుకోలేదు. వికారాబాద్‌లో ఎక్కింది మొదలు అది ఆయనతో చదివించుకోవాలనే చూస్తోంది.

ఆయన అనంతయ్య, రిటైరైన ఇంగ్లీషు మాస్టారు.

"జర చదివి చెప్పుండ్రి సార్. నన్ను తీసేసిన్రా?"

ఇరవై రెండేళ్ళుగా ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేయడం క్రైస్తవ సంఘంలో ఆమె కొలువు. ఎనిమిది ఊళ్ళకు ఒక్కడే పాస్టరు, వచ్చేది నెలకొకసారి. ఏసు పేరున రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభు భోజనం ఆయన చేతుల మీదుగానే అందాలి. మొన్న వానల్లో పొరుగింటి ముసలి ఎల్లప్ప ప్రాణం పోతూ అది అడిగాడు. వాగు పొంగి పాస్టరు రాలేదు. సంతోషమ్మే జొన్నరొట్టె తుంచి, బెల్లం నీళ్ళలో ముంచి, ప్రార్థన చేసి నోట్లో పెట్టింది. గంటలోపే ఎల్లప్ప పోయాడు.

ఇంగ్లీషు ఉత్తరం పైనే 'ఎక్లీసియాస్టికల్ ఎంక్వయిరీ' అని ఉంది. అది జైలు మాటేమోనని ఆమె అడిగింది. మాస్టారు కాదని చెప్పి, ఆ మాట మూలం వెతుకుతూ గ్రీసు దాకా వెళ్ళిపోయాడు. ఊరి సంగతులు తేల్చడానికి పిలిచి కూర్చోబెట్టిన జనాన్ని అక్కడ ఎక్లేసియా అనేవారట. తర్వాత అది చర్చికి పేరైంది. ఆ కిందే ఉన్న 'కానానికల్' అంటే చర్చి నియమానికి లోబడింది, మొదట్లో అది కొలిచే రెల్లుకర్ర. 'పెరోకియల్' అంటే ఒక పాస్టరు చేతికింది ఊళ్ళకు చెందింది. దాని మూలం మాత్రం ఇంటి పక్కన కాపురం ఉండటం. ఇప్పుడు ఇరుకు బుద్ధిని కూడా అట్లాగే అంటున్నారని నవ్వాడు.

సంతోషమ్మ నవ్వలేదు. "ఆఖరికి ఏం రాసిన్రు సార్?"

మాస్టారు చదివి చెప్పాడు: తాను పెట్టింది ప్రభు భోజనం కాదని ఆమె ఒప్పుకుని కింద సంతకం చేస్తే కొలువు ఉంటుంది. లేకుంటే ఈరోజుతో సరి.

ఆమె భయం ఇప్పుడు ఇంకోవైపు తిరిగింది. ఎల్లప్ప పెండ్లాం గౌరమ్మ, తన మనిషి ప్రభువు రొట్టె తినే పోయాడని ఊరంతా చెప్పుకుంటోంది.

"నేను పెట్టింది ఉత్త రొట్టేనా సార్?"

మాస్టారు కిటికీలోంచి చూశాడు. నాపరాళ్ళ లారీల దుమ్ములో తాండూరు వచ్చేసింది. జేబులోంచి పెన్ను తీసి చాపాడు.

"సంతకం పెట్టెయ్యమ్మా. ఎల్లప్ప లేచొచ్చి అడుగుతడా?"

సంతోషమ్మ పెన్ను వైపు చూసింది. సంతకం లేకుండానే కాగితం మడిచి కొంగున ముడేసుకుంది. బస్సు దిగి, పోయొస్తనని కూడా అనకుండా చర్చి ఆఫీసు దారి పట్టింది. పెన్ను మాస్టారు చేతిలోనే ఉంది.