గీత మీద ఆగిన బండి

మా ఆఫీసులో వాణ్ణి కన్నవాళ్లు పెట్టిన పేరుతో పిలిచేవాడు ఒక్కడూ లేడు. అందరికీ సుద్దముక్కే. జీతాలిచ్చే గుమాస్తా కూడా "సుద్దముక్క వచ్చాడా?" అనే అడిగేవాడు. వాడూ ఏమీ అనుకోకుండా పలికేవాడు.

రోడ్ల పక్కన దిక్కూ మొక్కూ లేకుండా పడి ఉన్న బండ్లను తీయించడం మా విభాగం పని. ఫలానా వీధిలో ఫలానా బండి కదలడం లేదని ఫిర్యాదు వస్తే ముందు సుద్దముక్క వెళతాడు. టైరు మీద ఒక గీత, సరిగ్గా దాని కిందే రోడ్డు మీద ఒక గీత, రెండూ కలిసేలా గీసి వస్తాడు. వారం పోయాక మళ్లీ వెళ్లి వంగి చూస్తాడు. గీతలు విడిపోయి ఉంటే బండి కదిలినట్టు, ఫిర్యాదు చెత్తబుట్టకు. కలిసే ఉంటే అద్దం మీద నోటీసు అంటిస్తాడు. ఆ తర్వాత బండిని తోసినా లాగినా లెక్కలోకి రాదు. గడువులోగా నడుపుకుంటూ ఆఫీసుకు తెచ్చి చూపించాల్సిందే. చూపించకపోతే నా వంతు. నేను క్రేను డ్రైవర్ని. ఎత్తుకెళ్లి యార్డులో పడేస్తాను. అక్కడికి వెళ్లిన బండి మళ్లీ రోడ్డెక్కడం నా సర్వీసులో చూడలేదు.

జనం ఊరుకుంటారా? కాళ్లావేళ్లా పడతారు, తిడతారు, పెద్దవాళ్ల పేర్లు చెప్పి బెదిరిస్తారు. అందరికీ వాడిది ఒకటే సమాధానం: గీత అబద్ధం చెప్పదు, గీత ఏం చెబితే అదే రాస్తాను. నాకు ఒళ్లు మండేది. మనిషన్నాక పట్టూ విడుపూ ఉండాలి. వీడికి పట్టే తప్ప విడుపు లేదు. ఒకసారి మా ఆఫీసరుగారి తోడల్లుడి కారుకే నోటీసు అంటించి వచ్చాడు. అప్పటి నుంచి చెట్టు నీడ లేని వీధులన్నీ వాడికే రాసిపెట్టారు. అయినా గీత తప్పలేదు.

అలాంటివాడి చేతికి సొంత బావ వ్యాను మీద ఫిర్యాదు వచ్చింది.

బావది సామాన్లు తోలే వ్యాను. ఇళ్లు మారేవాళ్ల మంచాలూ బీరువాలూ వేసుకుని ఎంత ఇరుకు సందులోకైనా వెనక్కి తీసుకెళ్లేవాడు. గోడకీ అద్దానికీ మధ్య వేలు పట్టేంత జాగా ఉంటే చాలు. మనిషికి ఆ పనంటే గర్వం. ఒకరోజు పొద్దున లేచేసరికి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట కూడా ముద్దముద్దగా అయింది. ఆ రోజు నుంచి వ్యాను ఇంటి ముందే ఉండిపోయింది.

ఆయన మంచం దిగింది ఆ వ్యాను కోసమే. కసరత్తు చేయించే ఆయన వచ్చి కాలు వంచుతుంటే ఏడ్చేవాడు, ఏడుస్తూనే చేసేవాడు. ముందు గుమ్మం వరకూ, తర్వాత గోడ పట్టుకుని వ్యాను వరకూ రాగలిగాడు. తలుపు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి, మళ్లీ లోపలికి వెళ్లేవాడు. ఇంజను ఎప్పుడో బిగుసుకుపోయింది, వైర్లు ఎలుకలు కొట్టేశాయి. మెకానిక్కు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు. సుద్దముక్క వాళ్లక్క ఒకరోజు నాతో అంది, "ఆ బండి అక్కడ ఉన్నంత వరకే ఈయన లేచి తిరుగుతారు అన్నయ్యా. అది పోయిందంటే మంచానికి అతుక్కుపోతారు."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది సుద్దముక్క పని. అయినా వెళ్లి బావ టైరు మీద కూడా గీత గీశాడు. ఊళ్లో అందరికీ చెప్పే రూలే అక్కకూ చెప్పాడు, ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. ఆవిడకు ఆ ముక్క చాలు. బావ పడుకున్నప్పుడు మూల మీద ఇస్త్రీ చేసే అతన్ని పిలిచి, ఇద్దరూ కలిసి వ్యానును జానెడు ముందుకు తోశారు. వారం తర్వాత గీతలు విడిపోయి కనిపించాయి. వీడు నిక్షేపంగా "బండి కదిలింది" అని రాసుకొచ్చాడు. కదిలింది కదా, అందులో అబద్ధం ఏముంది అని నాతో వాదించాడు. ముక్కుసూటి మనిషికి కూడా అక్క దగ్గరికి వచ్చేసరికి ముక్కు కాస్త వంకరపోయిందని నవ్వాను. ఫిర్యాదు వచ్చినప్పుడల్లా ఇదే తంతు జరిగింది.

ఫిర్యాదులు పెట్టేది ఎదురింటి ఆయన. కొత్త కారు కొన్నాడు, దాన్ని నిలపడానికి ఆ జాగా కావాలి. జానెడు జానెడు కదిలే వ్యానును చూసి చూసి విసిగిపోయి, మీ మనిషే బావ బండిని కాపాడుతున్నాడు, కంచే చేను మేస్తోంది అని పైవాళ్లకు రాశాడు. ఈసారి గీత చూడటానికి ఇన్‌స్పెక్టరు స్వయంగా వస్తానన్నాడు.

ఆయన వచ్చే ముందురోజు అక్కా ఇస్త్రీ అతనూ వ్యాను వెనక చేరారు. ఆ రోజు బావకు నిద్ర పట్టలేదు. కిటికీలోంచి చూసి, గోడ పట్టుకుని బయటికొచ్చి, అంతెత్తున లేచాడు. స్టీరింగు దగ్గర మనిషి లేకుండా బండిని తోస్తారా అని. ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఆయన్ని ఎత్తి సీట్లో కూర్చోబెట్టారు. జబ్బు చేశాక అదే మొదటిసారి ఆ సీట్లో కూర్చోవడం. ఎడమ చేత్తో స్టీరింగు, ఎడమ కాలితో బ్రేకు పట్టాడు. దారిన పోయేవాళ్లు కూడా ఓ చెయ్యి వేశారు. పీడ విరగడవుతోందనుకున్నాడో ఏమో, ఎదురింటాయన కూడా వచ్చి భుజం ఆనించాడు.

వ్యాను వీధి చివరిదాకా తిన్నగా వెళ్లింది. బావ అక్కడ ఆపి, వెనక్కి తోయమన్నాడు. అద్దంలో చూసుకుంటూ, ఇటు అటు పోనివ్వకుండా, ఎక్కడి నుంచి బయల్దేరాడో సరిగ్గా అక్కడికే తెచ్చి ఆపాడు. ఎదురింటాయన మొహం మాడ్చుకుని లోపలికి పోయి తలుపేసుకున్నాడు. బావ దిగి వ్యాను ఒళ్లు తట్టాడు. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది, ఎన్నాళ్లకో నవ్వింది. ఆ సంతోషంలో టైరు వంక చూడాలని ఒక్కరికీ తట్టలేదు.

మర్నాడు క్రేను రిపేరులో ఉండటంతో ఇన్‌స్పెక్టరు జీపు నేనే నడిపాను. అక్క నవ్వుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. సుద్దముక్క చక్రం దగ్గర వంగాడు. వంగినవాడు ఎంతకీ లేవడు. ఏమంటోందయ్యా నీ గీత అని ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"కలిసే ఉన్నాయి సార్."

అక్క నవ్వు అలాగే ఉండిపోయింది. నిన్న బండి వీధి చివరిదాకా వెళ్లొచ్చిందని చెప్పింది. నేనే తోశానని ఇస్త్రీ అతను వచ్చి చెప్పాడు. నీ పని నువ్వు చూసుకో అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఎదురింట్లో కిటికీ పరదా కదిలింది గానీ మనిషి బయటికి రాలేదు. బావ మాత్రం చేతికర్ర మీద ఆనుకుని, మాట మాటా కూడదీసుకుంటూ, సాక్ష్యం చెబుతున్నాననే అనుకుని చెప్పాడు.

"ఎక్కడ తీశానో... అక్కడే పెట్టాను. వెంట్రుకంత తేడా ఉంటే చూపించమనండి."

ఇన్‌స్పెక్టరు సుద్దముక్క వైపు తిరిగి, నువ్వేమంటావు అన్నాడు. వాడు అక్కడ లేకపోయినా, నిన్న నేనూ ఇక్కడే ఉన్నాను సార్, నా కళ్లతో చూశాను అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటతో ఫైలు మూసేసేవాడు, మూయకపోతే నన్నడగండి. వాడు అక్క మొహం చూశాడు, బావ మొహం చూశాడు. వాళ్లు నిజమే చెబుతున్నారని వాడికి తెలుసు.

"గీత ఏం చెబితే అదే సార్," అన్నాడు.

ఆ క్షణంలో వాడి చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది నాకు. తన చేత్తోనే అద్దం మీద నోటీసు అంటించాడు. అది వంకరగా అంటుకుంది. పీకి మళ్లీ తిన్నగా అంటించాడు.

గడువు దాటింది. వ్యానును ఎత్తింది నేనే. ఎత్తనంటే ఇంకొకడు ఎత్తుతాడు, వాడు ఎక్కడా ఒరుసుకోకుండా ఎత్తుతాడన్న నమ్మకం లేక నేనే వెళ్లాను. బావ గుమ్మంలో నిలబడి చూశాడు. మేం వీధి మలుపు తిరగకముందే ఎదురింటాయన కారు తాళాలు పట్టుకుని బయటికొచ్చాడు.

కొన్నాళ్లకు సుద్దముక్క అక్కను చూడటానికి వెళుతూ, ఒంటరిగా వెళ్లే ధైర్యం లేక నన్నూ లాక్కెళ్లాడు. అక్క మమ్మల్ని కూర్చోమని తన పనిలో పడింది. బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు. వాడి వైపు తిరిగి, మెల్లగా అడిగాడు.

"ఒరేయ్, ఒక్క అడుగు ముందు ఆపి ఉంటే... బండి ఉండేదా?"

ఉండేది. ఆ సంగతి ఆ గదిలో మా ముగ్గురికీ తెలుసు. అక్క చేస్తున్న పని ఆపి తమ్ముడి మొహం వంక చూసింది. సుద్దముక్క తల దించుకుని, "లేదు బావా. ఎక్కడ ఆపినా తీసేసేవాళ్లే," అన్నాడు.

వాడి నోటి వెంట నేను విన్న మొదటి అబద్ధం అది. ఇన్‌స్పెక్టరు ముందు ఆడాల్సింది ఇక్కడ ఆడాడు. తప్పంతా తనదేనని బావ కుమిలిపోకూడదని వాడి ఆరాటం. నేనైనా అదే అనేవాణ్ణేమో.

బావ తల ఊపాడు. ఆయన మొహంలో బాధ తగ్గుతుందని ఎదురుచూశాం.

"అయితే బాగా నడిపినా ఒకటే, నడపకపోయినా ఒకటే అన్నమాట," అన్నాడు. కాలు చేత్తో ఎత్తి మంచం మీద పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం కసరత్తు చేయించే ఆయన వస్తే, ఇక రావద్దని పడుకునే చెప్పి పంపేశాడు.