అమలమ్మ దండ

ఉయ్యూరు దాటాక బస్సు మొరాయించింది. ఆటోనగర్‌లో లారీల కిందే మెకానిక్కుగా బతుకు వెళ్లదీసిన బాలశౌరి ఆ ఇంజను వంక చూడనైనా చూడకుండా, బంతిపూల దండ ఉన్న సంచి చంకన పెట్టుకుని చల్లపల్లి వైపు నడిచాడు. చెరుకు తోటల మధ్య పోయే ఈ రోడ్డుకో గుణముంది: మనం ఎవరి కోసం బయల్దేరామో వాళ్లనే తెచ్చి దారిలో నిలబెడుతుంది.

మలుపులో పెద్ద కారు, గాలి పోయిన టైరు, పక్కన చెమటలు కక్కుతూ లక్ష్మీకాంత్. రైసుమిల్లుల ఆసామి. రక్తంలో జన్యువులు చదివి కేన్సరును ముందే పట్టేస్తామనే కంపెనీలో పెట్టుబడి పెట్టాడు. పోయినేడు కంకిపాడు చర్చి ఆవరణలో పరీక్షల శిబిరం పెట్టి, "రిపోర్టు బాగుంటే ఇక ఏ స్కానింగూ అక్కర్లేదమ్మా" అని మైకులో చెప్పింది ఈ నోరే.

బాలశౌరి భార్య అమలమ్మ రిపోర్టు బాగానే వచ్చింది. రొమ్ములో గడ్డ చేతికి తగులుతున్నా ఆస్పత్రికి పోకుండా చర్చిలో కృతజ్ఞతా పూజ చేయించుకుంది. దేవుడికి మేలు చెప్పుకున్నాక మళ్లీ అనుమానపడటం తప్పనేది. ఆ పూజలో కొవ్వొత్తి పట్టుకుని నవ్వుతున్న ఆమె ఫొటోను కంపెనీ ఫ్లెక్సీలకెక్కించింది. ఈస్టరుకు ముందే ఆమెను సమాధి చేశారు. ఫ్లెక్సీలు తియ్యమని అడగబోతే బాలశౌరిని గేటు దగ్గరే ఆపేశారు.

కారు టైరు తనే మారుస్తుంటే బాలశౌరి చేతులు దురదపెట్టాయి. నట్లు వదులుగా వదిలేస్తే చాలు. కానీ గట్టిగానే బిగించాడు. ఈ మనిషి చల్లపల్లి మీటింగుకు చేరాలి, జనం ముందు నిలబడాలి.

"ఎందాకా వెళ్లాలయ్యా?"

"చల్లపల్లేనండి."

"ఎక్కు, నేనూ అక్కడికే. కొత్తగా పెట్టుబడి పెట్టేవాళ్లతో మీటింగు. ఆ దండ ఎవరికి?"

"మా ఆవిడకండి."

"ఈ వయసులో దండలా? అదృష్టవంతురాలయ్యా."

"అంతా మీ దయేనండి."

మీటింగు హాల్లో వేదిక పక్కన అమలమ్మ నిలువెత్తు ఫ్లెక్సీ. ముందు వరసలో రొయ్యల చెరువుల ఆసాములు. "ఈ తల్లిని చూడండి, మన పరీక్ష వల్ల ఎంత నిశ్చింతగా ఉందో" అంటూ లక్ష్మీకాంత్ మొదలుపెట్టాడు. బాలశౌరి ఓ కుర్చీ లాక్కుని, ఎక్కి, ఆ ఫొటోకి దండ వేశాడు.

ఫొటోకి దండ ఎప్పుడు వేస్తారో అక్కడెవరికీ చెప్పనక్కర్లేదు. ముందు వరసలో ఓ పెద్దాయన చెప్పులు విడిచి లేచాడు. "ఎలా పోయిందయ్యా?"

"రొమ్ము కేన్సరండి. వీళ్ల రిపోర్టులో ఏమీ లేదండి."

"బాబూ, మనం కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు లక్ష్మీకాంత్, మైకు ఆపడం మర్చిపోయి.

బాలశౌరి కుర్చీని తీసినచోటే పెట్టి రోడ్డెక్కాడు. వెనక కుర్చీలు జరుపుకుని జనం లేస్తున్న చప్పుడు. తిరిగి చూడలేదు, వస్తానని ఎవరికీ చెప్పలేదు.