అడ్డు లేదు

ఆఫీసులో అందరూ ఆవిడను జల్లెడమ్మ అనేవారు. ఎదురుగా కాదు లెండి, ఎదురుగా అయితే అక్కా అనే పిలిచేవారు. ఆవిడ పని పేర్లు జల్లించడం. కంపెనీల తరఫున వాదించే ఆ లాయర్ల ఆఫీసుకు ఏ కొత్త కేసు వచ్చినా, అవతలి పక్షం పేరు ముందు ఆవిడ బల్ల మీదికి రావాలి. ఆ పేరు తమ క్లయింట్లలో ఉంటే "అడ్డు ఉంది", లేకపోతే "అడ్డు లేదు". కొట్టుకునే ఇద్దరికీ ఒకే ఆఫీసు వకాల్తా పుచ్చుకోకూడదు కదా! ఆ రెండు ముక్కలు రాసి సంతకం పెట్టడంలోనే ఇరవై రెండేళ్లు గడిచిపోయాయి.

ఆవిడ చేరిననాడు నలుగురు లాయర్లు, రెండు గదులు. ఇప్పుడు తొమ్మిది అంతస్తులు, మూడు వందల మంది. లిఫ్టులో ఎవరు మనవాళ్లో, ఎవరు క్లయింట్లో తెలిసి చావదు. ఎదిగిన తీరు మాత్రం ఒక్కటే. పెద్ద లాయరు ఏదో చిన్న ఆఫీసు వాళ్లను కాఫీకి పిలుస్తాడు, ఆర్నెల్లు తిరక్కుండా వాళ్ల బోర్డు ఊడుతుంది. వాళ్ల కేసుల జాబితా జల్లెడమ్మ దగ్గరికొస్తుంది. అడ్డున్న కేసులు వదిలేస్తారు. అలా వదిలేసిన కక్షిదారులు ఏమైపోయారని ఆవిడ ఎన్నడూ అడగలేదు. కడుపులో చల్ల కదలకుండా రోజులు వెళ్లిపోతుంటే ఎందుకు అడుగుతుంది?

తమ్ముడి దాకా వచ్చాక గాని కదల్లేదు.

తమ్ముడికి ఊరి చివర చిన్న షెడ్డు, పన్నెండు మంది పనివాళ్లు. మందు సీసాలకు చిన్నపిల్లలు తీయలేని మూత ఒకటి సొంత బుర్రతో తయారుచేశాడు. ఆ మూత తమదేనంటూ ఒక మందుల కంపెనీ దావా వేసింది. కేసు ఓడితే షెడ్డుకు తాళమే. కంపెనీ తరఫు లాయర్లెవరో కాదు, జల్లెడమ్మ ఆఫీసువాళ్లే. ఆవిడ ఆవేళే పెద్ద లాయరు గదిలోకి వెళ్లి, అతను నా తమ్ముడండీ అని చెప్పేసింది. నువ్వు పేర్లు చూసుకో, కేసు మేం చూసుకుంటాం అని ఆయన నవ్వేశాడు.

తమ్ముడు వకీలు కోసం చెప్పులరిగేలా తిరిగాడు. కంపెనీ పేరు వినగానే అందరూ నీళ్లు నమిలారు. చివరికి సైకిళ్ల దుకాణం పైన ఒంటిగది ఆఫీసులో ఉండే ఒక ముసలి వకీలు ఒప్పుకున్నాడు. రెండేళ్లు ప్రాణం పెట్టి వాదించాడు మహానుభావుడు. బుధవారం ఆఖరి వాదన. గెలుస్తాం అక్కా అని తమ్ముడు ఫోన్లో సంబరపడుతుంటే ఈవిడ మాట మార్చేసేది. ఆఫీసు గుట్టు ఇంట్లో విప్పే మనిషి కాదు.

శుక్రవారం పొద్దున్నే కొత్త జాబితా వచ్చింది. పైన ముసలి వకీలు పేరు. తొమ్మిదో అంతస్తు బోర్డు మీద ఆయన పేరు కూడా వేస్తామన్నారట, పాపం కరిగిపోయాడు. పదకొండో వరసలో తమ్ముడి పేరు.

అడ్డుందని రాస్తే ముసలాయన ఇవాళే కేసు వదిలేయాలి, బుధవారం తమ్ముడు కోర్టులో దిక్కులేకుండా నిలబడాలి. లేదని రాస్తే ఆఫీసులు కలిపే కాగితాలు పైకీ కిందికీ తిరిగేసరికి వారం పడుతుంది, ఈలోపు వాదన అయిపోతుంది. ఉద్యోగం పోతే పోనీ. ఆవిడ "అడ్డు లేదు" అని రాసింది. రాసిన మొదటి అబద్ధం అదే.

మధ్యాహ్నం పెద్ద లాయరు స్వయంగా దిగివచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చేతిలో ఆ కాగితం.

"ఒక్క అడ్డూ లేదామ్మా?"

"లేదండీ."

"ఒంటిగది ఆఫీసు, పద్నాలుగు చిల్లర కేసులు. ఆ పదకొండోది లేకపోతే నేను ఆ మెట్లెక్కేవాడినా?"

ఆయన గొంతులో కోపం కూడా లేదు.

"నువ్వు అడ్డుందని రాస్తే ముసలాయన తప్పుకునేవాడు, అంతే. ఇప్పుడు తమ్ముడి కోసం దాచావు. రెండేళ్లుగా మన గుట్టు ముసలాయనకు మోస్తున్నావని కోర్టులో చెప్తాం. కేసుతో పాటు ముసలాయన లైసెన్సు కూడా పోతుంది."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత బల్ల మీది ఫోను ఆవిడ వైపు జరిపాడు.

"తమ్ముడికి చెప్పుకుంటావా? చెప్పుకో."

చెబితే ఆయన మోపే నింద నిజమవుతుంది. చెప్పకపోతే తమ్ముడు బుధవారం గెలుస్తానన్న ధీమాతో కోర్టు మెట్లెక్కుతాడు. ఆయన లేవకుండా ఆవిడ చేతి వంకే చూస్తూ కూర్చున్నాడు.