సోమవారం ఇచ్చిన స్వెటర్

నా చిన్నప్పుడు నా మెడలో ఎప్పుడూ ఒక తాళంచెవి వేలాడుతూ ఉండేది. మా అమ్మ ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రిలో నర్సు. నాన్న నా మూడో ఏటే పోయారు. ఆర్.కె. పురం క్వార్టర్లలో, మూడో అంతస్తులో మేమిద్దరమే ఉండేవాళ్ళం. బడి నుంచి వచ్చి, తాళం తీసి, పొద్దున అమ్మ మూతపెట్టి వెళ్ళిన అన్నం తిని, బాల్కనీలో కూర్చుని ఆమె కోసం చూస్తూ ఉండేదాన్ని. మా బ్లాకులో తెలుగు ఆఫీసర్ల పిల్లలు చాలామందే ఉండేవారు. కింద పార్కులో నన్ను ఆటకు రానిచ్చేవారు గాని, ఆటయ్యాక ఎవరింటికి వాళ్ళు పోయేవారు. నన్ను లోపలికి రమ్మన్న ఇల్లు ఒక్కటీ గుర్తులేదు. ఈ వయసులో ఒంటరితనం గురించి ఎవరైనా బెంగగా చెబుతుంటే నాకు వింతగా అనిపించదు. దానితో నా పరిచయం పాతది.

ఆదివారాలు ఒక బడి హాలు అద్దెకు తీసుకుని తెలుగులో ఆరాధన జరిపేవారు. కోస్తా నుంచి వచ్చిన నర్సుల కుటుంబాలే ఎక్కువ. పిల్లలం వెనక గదిలో జంపఖానా మీద కూర్చునేవాళ్ళం. అందరికీ అక్కో తమ్ముడో పక్కన ఉండేవారు, నా పక్కన మాత్రం గోడ. ఒక చలికాలం మా సండేస్కూల్ అంకుల్ కొత్త పద్ధతి పెట్టారు. కొత్తగా వచ్చిన పిల్లలు వరసగా నాలుగు ఆదివారాలు వచ్చి, కార్డు మీద నాలుగు నక్షత్రాలు అంటించుకుని, చివరి వారం అందరి ముందూ నిలబడి యేసును నమ్ముకున్నానని చెబితే ఒక కొత్త స్వెటర్ ఇస్తారు. వాళ్ళను వెంటబెట్టుకొచ్చిన పిల్లలకు రంగు పెన్సిళ్ళ డబ్బా. పెన్సిళ్ళ మీద నాకంత మోజు లేదు. పక్కన కూర్చునే మనిషి కావాలి.

మా బ్లాకు కింద వేపచెట్టు దగ్గర బల్ల వేసుకుని ఒకామె ఇస్త్రీ చేసేది. ఆమె కూతురిది నా ఈడే. పల్చటి గౌను వేసుకుని, బొగ్గుల పెట్టెకు దగ్గరగా జరిగి జరిగి నిలబడేది. ఆ పిల్లకు స్వెటర్ సంగతి చెప్పాను. వెంటనే వచ్చింది. ఒక్క తెలుగు ముక్క అర్థం కాకపోయినా పాటలకు చప్పట్లు కొట్టేది, ప్రార్థనప్పుడు నా వేలు పట్టుకుని కళ్ళు మూసుకునేది. మూడు ఆదివారాలు నేను గోడను మరిచిపోయాను. నాలుగో వారం చెప్పాల్సిన మాటను తెలుగులోనే బట్టీ పట్టించాను కూడా.

మూడో ఆదివారం సాయంత్రం అమ్మ ఇస్త్రీకిచ్చిన తన యూనిఫాం తెచ్చుకోవడానికి వెళ్తూ నన్నూ తీసుకెళ్ళింది. ఆ పిల్ల బల్ల పక్కన నిలబడి, "నేను యేసయ్యను నా సొంత రక్షకునిగా నమ్ముకున్నాను" అని గడగడా అప్పజెబుతోంది. అమ్మ మొహం ముందు విప్పారింది. వంగి, హిందీలో, దానికి అర్థమేమిటమ్మా అని అడిగింది.

"స్వెటర్ మిలేగా, ఆంటీ," అంది ఆ పిల్ల. స్వెటర్ దొరుకుతుందని.

అమ్మ యూనిఫాం తీసుకుని వచ్చేసింది. ఇంటికొచ్చాక తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పప్పు తాలింపు పెడుతూ, నా వైపు చూడకుండా, తన తల్లి, అంటే మా అమ్మమ్మ గురించి చెప్పింది. ఊళ్ళో కరువొచ్చినప్పుడు మతంలో కలిసినవాళ్ళకు పాలపొడి పంచారట. అమ్మమ్మ ఆ ఏడాదే కలిసింది.

"మా అమ్మ నిజంగానే నమ్మిందే. తెల్లారగట్ల లేచి మోకాళ్ళ మీదుండి ఏడ్చేది. అయినా ఊరంతా పాలపొడికి కలిసిందనే అన్నారు. ఆఖరికి మంచంలో పడ్డాక నన్నే అడిగింది, నేను దేనికి కలిశానంటావే అమ్మాయ్ అని."

ఆ వయసులో నాకు సగమే అర్థమైంది. అమ్మమ్మకు ఆమె ప్రార్థన మీదే అనుమానం పుట్టించారన్నది చాలా ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు.

అమ్మ తీరిక దొరికినప్పుడల్లా నాకోసం ఒక మెరూన్ రంగు స్వెటర్ అల్లుతుండేది. మెడపట్టీ ఒక్కటే మిగిలింది. ఆ రాత్రే దాన్ని ముగించి, మర్నాడు సోమవారం బడి నుంచి రాగానే ఆ పిల్లకు ఇచ్చి రమ్మంది. ఆదివారం రానక్కర్లేదని కూడా చెప్పమంది. నేను ఏడ్చాను. ఇచ్చేస్తే ఇంక రాదమ్మా అన్నాను. "రాకపోతే మానె. వస్తే మాత్రం నీ కోసమో దేవుడి కోసమో వచ్చిందని తెలుస్తుందిగా," అంది. తర్వాత అంకుల్‌తోనూ మాట్లాడింది. చలికి వణికే పిల్లలకు ఇస్తే తప్పేముంది సిస్టర్ అన్నారాయన. ఆయనది చెడ్డ మనసేమీ కాదు. "ఇవ్వండి బ్రదర్. ఆ కార్డు ఒక్కటీ అడక్కండి," అంది అమ్మ. కార్డులు ఆగలేదు.

ఆదివారం జంపఖానా మీద నా పక్కన చోటుంచి కూర్చున్నాను. తలుపు చప్పుడైనప్పుడల్లా చూశాను. ఆఖరి పాట అయిపోయింది. ఆ పిల్ల రాలేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి వేపచెట్టు కింద మెరూన్ స్వెటర్ వేసుకుని తొక్కుడుబిళ్ళ ఆడుతోంది. నన్ను చూసి బిళ్ళ పైకెత్తి, "ఆజా, తేరీ బారీ," అంది. నీ వంతు, రా అని. నా స్వెటర్ వేసుకుని, నాకోసం రాకుండా, ఆటకు పిలుస్తుందా అనుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాను. వెనక నుంచి మరోసారి పిలిచింది. తలుపేసుకున్నాను. ఎండాకాలం రాకముందే వాళ్ళు బల్ల ఎత్తేసి ఇంకో సెక్టారుకు వెళ్ళిపోయారు.

ఆ ఏడాదంతా నన్ను ఏమీ ఆశించకుండా రమ్మన్నది ఆ పిల్ల ఒక్కతే. స్వెటర్ దాని చేతికి అప్పటికే వచ్చేసింది, నాతో దానికిక పనేమీ లేదు. అయినా పిలిచింది. బేరాలు అలవాటైన నాకు ఆ పిలుపు గుర్తుపట్టడం రాలేదు.

ఇప్పుడు వసంత్ కుంజ్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను. ప్రతి చలికాలం మా సంఘంవాళ్ళు ఆరాధన ముగిశాక దుప్పట్లు పంచుతారు. నా వంతువి నేను ముందే అడిగి తెచ్చుకుని, సోమవారం ఆటోలో వేసుకుని వెళ్ళి, చలికి వణికేవాళ్ళకు ఇచ్చి వస్తాను. రమ్మని ఎవరికీ చెప్పను. అలా తీసుకున్నవాళ్ళలో ఒక్కరూ ఇంతవరకు ఆదివారం రాలేదు. గుడిలో నా పక్క కుర్చీ ఖాళీగానే ఉంటుంది. దానిమీద నా చేతిసంచి మాత్రం పెట్టను.